శ్రమ, ఓర్పు, నిరీక్షణ: ఉత్తర తెలంగాణపు క్రైస్తవుల చరిత్రమున కొన్ని ఘట్టములు

తెలుగు క్రైస్తవుల వ్యవహారమున 'శ్రమ' యను పదము సామాన్య వ్యవహారములోని యర్థమునుండి కొంత దూరము జరిగినది. పొలములో పనిచేసి యలసినవాడు శ్రమపడినాడందుము. అలసట, ప్రయాస అను నర్థములు ఆ పదమునకు సంస్కృతమునుండియే వచ్చినవి. క్రైస్తవుడు ఆ మాటనే బాధ, ఆపద, పీడనము అను నర్థములలో వాడును. ఈస్టరు పండుగకు ముందటి వారము వారికి 'శ్రమల వారము'. క్రీస్తు సిలువపై పొందిన యాతన 'సిలువ శ్రమలు'. గ్రీకు భాషలోని నూతన నిబంధనమున 'థ్లిప్సిస్' అను పదమున్న చోట్ల మన యనువాదకులు పెక్కు తావుల 'శ్రమ' యనియే వ్రాసిరి. ఆ గ్రీకు పదమునకు మూలార్థము నొక్కుట, ఒత్తిడి పెట్టుట.

అనువాదకుల యుద్దేశ మేదియైనను, ఈ మాట కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములకు చేరినప్పుడు దాని రెండర్థములును ఒకటియైనవి. అచ్చట క్రైస్తవమతము నవలంబించినవారిలో అత్యధికులు మాల మాదిగ కులములవారు. వారి పనియే వారి బాధ. పనికిని బాధకును వేర్వేరు మాటలు వారి కవసరము లేకుండెను. 'శ్రమలయందు ఓర్పుగలవారై యుండుడు' అను భావము గల బోధ రోమక సామ్రాజ్యపు పట్టణములలోని శ్రోతలకు ఒక విధముగను, దొర గడి ముందు వెట్టికి నిలిచిన మనుష్యునికి వేరొక విధముగను వినబడి యుండుననుట సహజము. విశ్వాసముతో శ్రమ ననుభవించుట యను భావము ఈ రెండు జిల్లాలలో ఏయే రూపములు దాల్చినది, దానిని కేవలము అణకువగా నెంచుట ఎంతవరకు న్యాయము అనునదియే ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనిన విషయము.

కరీంనగరు, ఆదిలాబాదు అనునప్పుడు మేము పూర్వపు జిల్లాలనే యుద్దేశించుచున్నాము. 2016లో ఇవి పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. నిజాము రాజ్యమున వెస్లియన్ మెథడిస్టు మిషను 1879లో పని ప్రారంభించినది. విలియం బర్జెస్ దానికి ఆద్యుడు. 1880 దశకములోనే కరీంనగరు ఆ మిషనుకు కేంద్రములలో నొకటియైనది. గోదావరికి ఆవలి యొడ్డున లక్సెట్టిపేట మున్నగు తావులకు పని తరువాత విస్తరించినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు ఈ ప్రాంతపు సంఘములు అందులో చేరినవి. 1978లో కరీంనగరు అధ్యక్షమండలము వేరుగా నేర్పడినది.

ఈ చరిత్రకు ఆధారములు తక్కువ గావు. కాని అవి యన్నియు ఒకే దిక్కునుండి మాటలాడుచున్నవి. ఎఫ్. కోల్యర్ సాకెట్ రచించిన, 1879 మొదలు 1929 వరకు గల యేబది సంవత్సరముల హైదరాబాదు మిషను వృత్తాంతము విలువైన గ్రంథమే. అయినను మిషనరీ రచనలన్నిటివలెనే అదియు ఇంగ్లండులోని దాతలను దృష్టియం దుంచుకొని వ్రాయబడినది. బాప్తిస్మము పొందినవారి సంఖ్య పెరిగిన యేడు ఉత్సాహము, తగ్గిన యేడు విచారము, 'వెనుదీసినవారి'ని గూర్చి కించిత్తు అసహనము, ఇట్టి రచనలలో తరచుగా గానవచ్చును. బాప్తిస్మము పొందినవారు మాత్రము తమ చరిత్రను తాము వ్రాసికొనలేదు. వారికి చదువు వచ్చుటకే ఒక తరము పట్టినది. కాబట్టి వారి ఓర్పును గూర్చి వారి మాటలకంటె వారి నడతనుబట్టియే మనము గ్రహింపవలసియున్నది.

ఆ నడత నర్థము చేసికొనవలెనన్నచో వెట్టిని గూర్చి తెలియవలెను. 'వెట్టి' యనునది 'విష్టి' యను సంస్కృత పదమునుండి వచ్చిన తద్భవము. కూలి లేక చేయు నిర్బంధసేవ యని దాని యర్థము. పదము ప్రాచీనమైనది, ఆచారమును ప్రాచీనమైనదే. కాని నిజాము పాలనలోని తెలంగాణమున అది దొర, పటేలు, పట్వారి అను మువ్వురి చేతులలో గ్రామ వ్యవస్థకు వెన్నెముకవలె నిలిచినది. మాలవాడు అధికారుల మూటలు మోయవలెను, చీటి పట్టుకొని ఊరూరికి నడువవలెను. మాదిగవాడు చచ్చిన పశువును ఈడ్వవలెను, తోలు ఊనవలెను, మోటబావికి బొక్కెన కుట్టవలెను, దొర యింటికి చెప్పులు కుట్టియీయవలెను, దప్పు కొట్టవలెను. ప్రతిఫలముగా కల్లము దగ్గర 'మేర' గింజలు దొరకును. అప్పుతీసికొన్న కుటుంబము తరతరముల జీతగాళ్లనిచ్చుచు పోవును. దీనికే భాగేలా యని పేరు. 1936లో నిజాము ప్రభుత్వము భాగేలా ఒప్పందములను నియంత్రించుచు ఒక చట్టము చేసినది గాని, గడికి ఆ చట్టము దూరముగనే యుండెను. దేశమంతటికిని వర్తించు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. నలువది యేండ్ల వ్యవధిలో రెండు చట్టములు అవసరమైన వనుటయే ఆ ఆచారము ఎంత గట్టిదో చెప్పుచున్నది.

ఇట్టి వ్యవస్థలో క్రైస్తవుడగుట యనగా నేమి? దొరకు క్రీస్తుతో వైరము లేదు. మాదిగవాడలో ఎవడు ఏ దేవునికి మ్రొక్కినను అతనికి పట్టింపు లేదు. చిక్కు వచ్చినది దప్పుతో. పోచమ్మ, మైసమ్మ మున్నగు గ్రామదేవతల కొలుపులలో దప్పు మాదిగవాని హక్కు, బాధ్యత, జీవనాధారము, మూడును. పెండ్లికి దప్పు, పీనుగుకు దప్పు, ఊరిలో చాటింపునకు దప్పు. దేవత ముందు దప్పు కొట్టుట విగ్రహారాధన యని మిషనరీ చెప్పెను, బాప్తిస్మము పొందగోరువాడు దానిని మానవలెనని నియమించెను. చచ్చిన పశువు మాంసము తినరాదనియు, ఆదివారము పని చేయరాదనియు, ఆడపిల్లను జోగినిగా విడువరాదనియు నియమించెను. వినుటకు ఇవి కేవలము మతనియమములు. కాని ఒక్కొక్కటియు గ్రామ వ్యవస్థలో ఒక్కొక్క మేకును ఊడదీయునది. దప్పు మానినవాడు కొలుపును ఆపినవాడగును. ఆదివారము పని మానినవాడు దొర సేద్యమును ఆపినవాడగును. చచ్చిన పశువును ముట్టనివాడు ఆ పశువును ఎవరు తీయవలెనను ప్రశ్నను ఊరి నడుమ పెట్టినవాడగును.

దానికి శిక్ష తప్పదు. కల్లము దగ్గర మేర ఆగిపోవును. పశువులను మేపు బీడు మూతబడును. అప్పు తక్షణమే తీర్చుమని కబురు వచ్చును. గడి ముందు చెట్టుకు కట్టి కొట్టుట ఆ కాలపు తెలంగాణమున అసాధారణ విషయము కాదు. ఊరిలో కలరా పుట్టినచో, దేవతకు కోపము తెప్పించినవారు వీరే యను నింద వచ్చి పడును. క్రైస్తవ వ్యవహారమున 'హింస' యను పదమును, సామాన్యార్థముతో బాటు, విశ్వాసము కొరకు పొందు పీడనము అను ప్రత్యేకార్థమున వాడుదురు. కరీంనగరు గ్రామములలో ఆ హింస కత్తితో కాక గింజలతో జరిగినది. నీరో చక్రవర్తి 64వ సంవత్సరమున రోమునగరములో చేయించిన దారుణములనుగాని, డయొక్లిషియను 303లో ప్రారంభించిన పీడనమునుగాని చదివినవారికి ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని సింహము నోట పడుట ఒక్క దినముతో ముగియును. మేర ఆగిన యింటిలో పిల్లల యాకలి పంట పంటకును తిరిగి వచ్చును.

అందరును నిలువలేదు. కొందరు దప్పు కొట్టుచు బలి సమయమున మాత్రము తొలగి నిలిచిరి. కొందరు బాప్తిస్మము పొందని అన్నదమ్ములచేత ఆ పని చేయించిరి. కొందరు మునుపటివలెనే కొట్టుచు ఆదివారము గుడికి వచ్చిరి. పి. వై. లూక్, జాన్ కార్మన్ అను పరిశోధకులు మెదకు ప్రాంతపు వడియారము పాస్టరేటులో పరిశీలనము జరిపి 1968లో ప్రకటించిన గ్రంథమున, బాప్తిస్మము పొందిన గ్రామీణులు గ్రామదేవతల పండుగలతో సంబంధము పూర్తిగా త్రెంచుకొనలేదని సవివరముగ చూపిరి. వడియారము మేము చెప్పుచున్న జిల్లాలలోనిది గాదు. కాని మెథడిస్టు మిషను పనిచేసిన గ్రామములు, ఆ కులములు, ఆ వెట్టి యన్నియు ఒకటే. ఈ సడలింపును పూర్వపు లేఖకులు విశ్వాస బలహీనతగా లెక్కించిరి. మాకట్లు తోచదు. మేర ఆగినప్పుడు మిషను పోషింపజాలదు. ఒక కుటుంబము తన బ్రతుకునకు కావలసినంత వంగి, వంగుటకు వీలులేని చోట నిలిచినచో అది కూడ ఓర్పే. ఎచ్చట వంగవలెను, ఎచ్చట నిలువవలెను అను నిర్ణయము గుడి చేసినది కాదు, వాడ చేసినది. ఈ విషయమును మన చరిత్రకారులు తగినంతగా గమనింపలేదు.

వాడలో ఈ జీవితమునకు ఆధారముగా నిలిచినవాడు ఉపదేశకుడు. ఆయనను జనులు 'పంతులు' అని పిలిచిరి. దొరవారి ఇంట చదువు చెప్పు బ్రాహ్మణునికి గల పేరు మాలవాడలోని గురువునకు కూడ సంక్రమించుట ఒక చిన్న విప్లవమే. పగలు పిల్లలు పశువులను కాయుదురు గనుక చదువు రాత్రి సాగెడిది. జీతము స్వల్పము. సంఘపు ఖర్చునకు ప్రతి యింటను వంటకు కొలిచిన బియ్యమునుండి ఒక పిడికెడు తీసి కుండలో వేసెడివారు. ఈ 'పిడికెడు బియ్యము' ఆచారము తెలుగు సంఘములన్నిటను ప్రసిద్ధము. చాలినంత తిండి లేనివారు తిండినుండి తీసి ఇచ్చుట వింతగా తోచవచ్చును గాని, తన దని చెప్పుకొనుటకు ఏమియు లేనివానికి ఇచ్చుట యను క్రియ ఎట్టి గౌరవము కలిగించునో ఊహింపదగును. వెట్టి యనగా బలవంతముగా తీసికొనబడుట. పిడికెడు బియ్యము తానై ఇచ్చుట.

ఇదే కాలమున తూర్పున దోర్నకల్లులో వి. ఎస్. అజరయ్య పనిచేయుచుండెను. 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించిన ఈయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయు డీయనయే. క్రొత్తగా బాప్తిస్మము పొందినవానిచేత తన తలపై తానే చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపకున్నచో తనకు శ్రమ యని పలికించుట అజరయ్య పాటించిన పద్ధతి. ఇచ్చట మరల ఆ పదమే వచ్చినది. బోధించుటకు చదువు అక్కరలేదని, కష్టములో నిలిచిన తీరే బోధ యని ఆయన నమ్మిక. హరిజనవాడలలో కలిగిన మార్పును చూచి దోర్నకల్లు ప్రాంతమున వ్యవసాయ కులములవారు కూడ కొందరు 1920, 1930 దశకములలో ఆ మతమున చేరిరి. బాధితుని నడత పీడకుని కులమువానిని కదలించిన దనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము తెలుగుదేశ చరిత్రలో అరుదు.

కరవులు, అంటువ్యాధులు అందరికిని వచ్చినవే గనుక వానిని గూర్చి ఎక్కువగా వ్రాయము. 1896-97, 1899-1900 కరవులును, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాయును నిజాము రాజ్యమును పట్టి కుదిపినవి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ప్రారంభింపజేసిన గొప్ప దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవున కూలి లేనివారికి పని కల్పించుట దాని నిర్మాణమునకు గల కారణములలో నొకటిగా చెప్పుదురు. కూలికి గింజలిచ్చిన దేవాలయమని ఆ ప్రాంతపు ముదుసళ్ల తలపు.

ఒక వ్యాధిని గూర్చి మాత్రము విపులముగా చెప్పవలసియున్నది. అది కుష్ఠు. జనులు దానిని 'పెద్దరోగము' అనిరి, పేరు చెప్పుటకు కూడ జంకిరి. కరీంనగరు, ఆదిలాబాదులకు ఇరుగున నున్న నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి వద్ద ఈ వ్యాధికి వెలసిన వైద్యశాల ఉత్తర తెలంగాణపు క్రైస్తవ చరిత్రలో వేరొక విధమైన శ్రమకు సాక్ష్యము. స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించిన ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో ఈ దేశమునకు వచ్చి నిజామాబాదున పని ప్రారంభించిరి. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత ఇచ్చిన విరాళముతో డిచ్‌పల్లి వైద్యశాల 1915లో రూపొందినది. ఒక మతమువారి సేవకు మరియొక మతమువాని సొమ్ము పునాదియైనది. దీనిని మతప్రచార చరిత్రలు ఒక వాక్యముతో దాటిపోవుట మాకు లోపముగ కనబడును.

ఆనాటి చికిత్స చాల్ముగ్ర జాతి గింజల తైలమును సూదితో ఎక్కించుట. అది మిక్కిలి నొప్పి కలిగించునది, నెలల తరబడి, ఏండ్ల తరబడి సాగవలసినది, ఫలితము నిశ్చయము కానిది. 1941లో అమెరికాలోని కార్విల్లులో సల్ఫోను జాతి మందు ప్రయోగింపబడువరకును ఇంతకంటె మేలైన చికిత్స ప్రపంచమున లేదు. అట్టి కాలమున రోగి వారము వారమును సూదికి చేయి చాపుట ఏ నమ్మకముతో? ఊరు అతనిని వెలివేసినది. పూర్వజన్మ పాపమని బంధువులు చెప్పిరి. పాపము తెలియకున్నను శిక్ష ననుభవింపుమనుట కర్మసిద్ధాంతపు సారము కాదు గాని, ఊరి నోట అది అట్లే వెలువడినది. డిచ్‌పల్లిలో అతనికి చెప్పిన మాట వేరు: ఇది వ్యాధి, శాపము కాదు. ఆ మాట వైద్యమా, మతమా యనుట కష్టము. కుల మేదియైనను రోగులందరును ఒకే యావరణమున నివసించిరి. అస్పృశ్యత అనునది పుట్టుకతో మాత్రమే కాక రోగముతో గూడ వచ్చునని అగ్రకులపు రోగికి అచ్చట మొదటిసారి అనుభవమున తెలిసియుండును. ఇసబెల్ కెర్ 1932లో మరణించెను. బాప్తిస్మము పొందక, స్వస్థుడును గాక, చివరివరకు అచ్చటనే యుండి గతించిన రోగుల సంఖ్య ఏ విజయగాథలోను చేరదు. ఆ ఓర్పు మాత్రము క్రైస్తవమునకు బయటిదని మే మనజాలము.

ఇప్పుడు పదముల యొద్దకు మరలుదము. తెలుగు బైబిలులో ఆశ యని చెప్పదగిన చోట 'నిరీక్షణ' యను పదము వాడబడినది. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. ఆశ మనస్సులోని కోరిక. నిరీక్షణకు కన్నులును కాలమును కావలెను. ఓర్పు అని అనువదింపబడిన గ్రీకు పదము 'హుపొమొనే'; బరువు క్రింద కదలక నిలిచియుండుట అని దాని వ్యుత్పత్తి. ఇతరుల యపరాధమును సహించుటకు 'దీర్ఘశాంతము' అను వేరు పదము కల్పింపబడినది. విశ్వాసమునకై చంపబడినవానికి 'హతసాక్షి' యని పేరు పెట్టిరి. గ్రీకున కేవలము సాక్షి యను నర్థము గల మాటకు తెలుగువారు 'హత' శబ్దమును చేర్చి విస్పష్టము చేసిరి. ఉత్తర తెలంగాణపు గ్రామములలో వెదకదగినది ఆ సమాసమున రెండవ సగము, అనగా సాక్షి. అతడు చావలేదు. పొద్దుటే లేచి మరల గడికి పోయెను.

ఓర్పునకును మౌనమునకును భేదము కలదు. ఓర్పునకు దృష్టాంతముగా చెప్పబడు యోబు, తన గ్రంథమున అధిక భాగము దేవునితో వాదించుచునే యుండును. మౌనముగా నుండు మని చెప్పిన మిత్రులే చివరకు మందలింపబడుదురు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుడని ప్రసిద్ధి గాంచిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటము ద్వారా తెలంగాణపు వాడలకు చేరినవి. వానిలోని దీనాలాపము భక్తి సంప్రదాయమునకు చెందినది. గుఱ్ఱం జాషువా 1941లో వెలువరించిన 'గబ్బిలము'లో ఆ దీనాలాపము ఫిర్యాదుగా మారినది. అస్పృశ్యుడు తన గోడును గబ్బిలముచేత కాశీ విశ్వనాథునికి పంపును. జాషువా 'క్రీస్తు చరిత్ర' మునకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఒకే కవి శివుని ముందు ఫిర్యాదు చేసి, క్రీస్తు కథను కావ్యముగా చెప్పెను. ఈ రెంటికిని వైరుధ్యము చూచువారు యోబును సరిగా చదువలేదని మా యభిప్రాయము.

ఓర్చువారే ఎల్లప్పుడును ఓర్చుచుండిరని తలపరాదు. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటము వెట్టిని మొదటిసారి బాహాటముగ సవాలు చేసినది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర తరువాత, ఆ యేడు అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగినవి. ఈ ఉద్యమములు క్రైస్తవమునకు సంబంధించినవి కావు. కాని పాలేర్లు, కూలీలు వానిలో పాల్గొన్నప్పుడు గుడికి వచ్చు కుటుంబముల బిడ్డలు వెలుపల నిలువబడుట సాధ్యము కాదు. దప్పు మానుటయు, వెట్టి మానుటయు ఒకే నిరాకరణపు రెండు రూపములని, అర్ధశతాబ్దము ముందుగా మొదటిది ప్రారంభమైనదని చెప్పుట అతిశయోక్తి కానేరదు. అయితే సంఘములు ఆనాడు ఈ సంబంధమును గుర్తించి మాటలాడుటకు వెనుకాడినవి. ఓర్పును గూర్చిన ప్రసంగములు దొరకు ఇబ్బంది కలిగింపని విధముగ చెప్పబడిన కాలము కూడ కలదని ఒప్పుకొనవలెను.

స్వాతంత్ర్యానంతరము శ్రమ కాగితపు రూపము దాల్చినది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు మూడవ పేరా ప్రకారము హిందూమతమునకు భిన్నమైన మతమును అవలంబించువాడు షెడ్యూల్డు కులమువాడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఈ నిబంధన సడలింపబడినది. క్రైస్తవులకు, ముస్లిములకు సడలింపబడలేదు. అనగా కల్లము దగ్గర మేర ఆపిన దొర స్థానమున ఇప్పుడు ధ్రువపత్రము నిలిచినది. 1970లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా చేర్చి నూటికి ఒక్క వంతు కేటాయించినది. షెడ్యూల్డు కులములకు కేటాయింపు నూటికి 15. ఒకే వాడలో ఒకే గోడకు అటునిటు ఉన్న ఇద్దరు అన్నదమ్ములు రెండు జాబితాలలో నుండుట ఇట్లు సంభవించినది.

దీని ఫలితము అనూహ్యము కాదు. గుడిలో యోహాను, కార్యాలయమున మల్లయ్య. జాన్ కార్మనుయు చిలుకూరి వసంతరావును మరల అదే ప్రాంతమును 2009 వరకు పరిశీలించి 2014లో ప్రకటించిన గ్రంథము తన పేరులోనే క్షయము, పునరుజ్జీవనము అను రెండు మాటలను పొదిగికొన్నది. ఈ రెండు పేర్ల జీవితమును కపటమని నిందించుట సులభము. 1985లో సూసై వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మతము మారిన తరువాత కూడ కులవివక్ష అదే తీవ్రతతో సాగుచున్నదని చూపవలెనని అన్నది. ఆ వ్యాజ్యము తెచ్చినవాడు చెప్పులు కుట్టువాడు, రోడ్డు ప్రక్క చిన్న కొట్టు అడిగినవాడు. రంగనాథ మిశ్రా కమిషను 2007లో మూడవ పేరాను తొలగింపుమని సిఫారసు చేసినది. 2022లో కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడినది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, విశ్వాసము లేక కేవలము రిజర్వేషను కొరకు మతమును చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుట యని తీర్పు చెప్పినది.

న్యాయముగా ఆ తీర్పును తప్పుపట్టుట మా పని గాదు. కాని చరిత్ర వ్రాయువారు వేరొక ప్రశ్న అడుగవలెను. బిడ్డకు చదువు దొరకు జాబితాలో తన పేరు నుంచి, ఆదివారము గుడికి పోవు తండ్రి దేనిని దాచుచున్నాడు? దప్పు కొట్టుచు బలి సమయమున తొలగి నిలిచిన అతని తాత దేనిని దాచెను? ఇద్దరును ఒకే లెక్క కట్టిరి. తన పేరు ధ్రువపత్రమునందు 'క్రైస్తవుడు' అనియే వ్రాయించుకొని పదునైదింట ఒక్క వంతుతో తృప్తిపడినవారు కూడ కలరు. వారిని గూర్చి ఎవరును పుస్తకములు వ్రాయలేదు. ఈ నష్టము ఏడాదికొకసారి, కళాశాల ప్రవేశముల వేళ, తిరిగి తిరిగి వచ్చునది. ఓర్పు అను మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థము మా కగపడలేదు.

ఆదిలాబాదు జిల్లాలో సంగతి కొంత వేరు. అచ్చట బెల్లంపల్లి, మంచిర్యాల, మందమర్రి మున్నగు బొగ్గుగని పట్టణములలో గనికూలీలుగా వచ్చినవారు గ్రామపు మేరనుండి విముక్తులు. నెలజీతము వచ్చు మనుష్యునికి దొర శిక్ష వర్తింపదు. గనులలో గుడు లెక్కువగా పెరుగుటకు ఇదియొక కారణమని మా యభిప్రాయము. కేరళమునుండి వచ్చిన సీరో-మలబారు కతోలిక సన్యాసులు 1962లో ఏర్పడిన చాందా మిషను పక్షమున ఈ ప్రాంతమునకు పనిని విస్తరించిరి. 1999లో ఆదిలాబాదు అధ్యక్షమండలము చాందానుండి వేరుపడినది. దాని ప్రధానస్థానము మంచిర్యాల. భూగర్భమున పైకప్పు కూలు భయము నిత్యము గలవారికి శ్రమ యను మాట మరల తన మొదటి యర్థమునకే తిరిగి వచ్చినది.

చివరకు దప్పును గూర్చి ఒక మాట. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రకటించిన గ్రంథమున తమిళదేశపు పరయల పరమును అస్పృశ్యుల యనుభవమునకు సంకేతముగా గ్రహించి, దాని ద్వారా క్రీస్తును వివరింపజూచెను. తెలంగాణమున ఆ వాద్యము వేదాంతుల యనుమతికై వేచియుండలేదు. దప్పు కొట్టనని చెప్పి దెబ్బలు తిన్న తాతల మనుమలు ఇప్పుడు క్రిస్మసు ఊరేగింపులోను, కోతపండుగనాడు ధాన్యపు మూటలతో గుడికి వచ్చునప్పుడును దప్పు కొట్టుచున్నారు. కొట్టుమని ఎవరును ఆజ్ఞాపింపరు, మేర ఎవరును కొలువరు.